పొడవాటి రసాయన పేర్లు పలకడం ఎలా: తోక నుంచి మొదలుపెట్టండి

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి స్టోర్‌కి ఫోన్ చేసి సీసా ఒకటి పంపమన్నాను. నేను చెప్పిన పేరు చివర 'అమైన్' ఉంది. అవతలాయన 'అమైడ్' అని రాసుకున్నాడు. వచ్చిన సీసా చూసి తెల్లమొహం వేశాను. లేబుల్ మీద పేరు మూరెడు పొడుగుంది. నేనడిగిన దానికీ దీనికీ ఇంగ్లీషు స్పెల్లింగులో తేడా ఒక్క అక్షరం: అక్కడ 'ఎన్' ఉండాలి, ఇక్కడ 'డి' ఉంది. సగం రోజు పోయింది, సీనియర్ చేత చీవాట్లు పడ్డాయి. తప్పు స్టోర్ ఆయనది కాదు. నేనే ఆ పేరు మొదట్లో గట్టిగా పలికి, మధ్యలో గొణిగి, చివర మింగేశాను.

ఈ జబ్బు నా ఒక్కడిదే కాదు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్లోనో డిగ్రీలోనో ఒక్కసారిగా ఇంగ్లీషు కెమిస్ట్రీలో పడ్డవాళ్ళం చాలామందిమి ఇలాగే చేస్తాం. మొదటి రెండు ముక్కలు ధైర్యంగా చదివి, ఆ తర్వాత దగ్గు తెచ్చుకుంటాం. ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) కోచింగ్‌లో మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా ల్యాబ్ వైవాలో పేరు పలకమంటే టెన్షన్ పడతారు. ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదు. ఆ పేరును ఎడమ నుంచి కుడికి ఒకే పదంలా చదవబోవడం వల్ల.

అది పదం కాదు, సమాసం. తెలుగు వ్యాకరణం క్లాసులో నిద్రపోకుండా కూర్చున్నవాళ్ళకి ఈ విద్య సగం వచ్చినట్టే. 'రాజభటుడు వచ్చాడు' అంటే వచ్చింది భటుడు, రాజు కాదు. తత్పురుషలో ఉత్తరపదమే ప్రధానం, ముందున్నదంతా దానికి విశేషణం. రసాయన పేరు కూడా అంతే. పదార్థం ఏ జాతిదో చివర ఉంటుంది. ముందున్నదంతా దాని మీద ఏమేం తగిలించారో, ఎక్కడ తగిలించారో చెబుతుంది. అందుకని పేరుకు ముందు విగ్రహవాక్యం చెప్పుకోవాలి, పలకడం ఆ తర్వాత.

ముందు పెన్ను తీసుకోండి

కొత్త పేరు కనపడగానే నోరు తెరవకండి. కాగితం మీద పెద్దగా రాయండి. అందులో అంకెలు, కామాలు, అడ్డగీతలు, బ్రాకెట్లు ఉంటే వాటికి సున్నాలు చుట్టండి. అవి అలంకారాలు కావు. అంకెకూ అంకెకూ మధ్య కామా ఉంటుంది, అంకెకూ అక్షరాలకూ మధ్య అడ్డగీత ఉంటుంది. పేర్ల లోపల దారి తప్పకుండా పెట్టిన మైలురాళ్ళవి.

తేలికైన ఉదాహరణతో మొదలుపెడదాం: 2,2,4-ట్రైమిథైల్‌పెంటేన్. పెట్రోలు నాణ్యతకు ఆక్టేన్ నంబరు చెబుతారే, ఆ కొలతలో వంద మార్కుల పదార్థం ఇదే. వాడుకలో ఐసోఆక్టేన్ అంటారు. గీతలు పెడితే ఇలా విడిపోతుంది: 2,2,4 / ట్రై / మిథైల్ / పెంట్ / ఏన్. అంకెల్ని ఇంగ్లీషులోనే, ఒక్కొక్కటిగా చదవాలి: 'టూ, టూ, ఫోర్'. ట్వంటీటూ అనకూడదు. కామా దగ్గర చిన్న విరామం, అడ్డగీత దగ్గర ఇంకొంచెం విరామం. 'అడ్డగీత' అనిగానీ 'డ్యాష్' అనిగానీ పలకక్కర్లేదు, ఆగితే చాలు.

తోక పట్టుకోండి

ఇప్పుడు వేలు చివరి ముక్క మీద పెట్టండి. 'ఏన్' అంటే కార్బన్ల మధ్య అన్నీ ఏకబంధాలే. 'ఈన్' అంటే ద్విబంధం ఉంది. 'ఐన్' అంటే త్రిబంధం. ఈథేన్, ఈథీన్, ఈథైన్ అని మూడూ వరసగా నాలుగుసార్లు పైకి అనండి. మూడింటికీ తేడా ఒక్క అచ్చులోనే ఉంది, అది మింగేస్తే వినేవాడికి ఏదీ తెలియదు.

తోక 'ఆల్' అయితే ఆల్కహాల్, 'ఓన్' అయితే కీటోన్, 'ఓయిక్ యాసిడ్' అయితే కార్బాక్సిలిక్ ఆమ్లం. నైట్రోజన్ ఉన్న తోకలు రెండు నన్ను ముంచినవి. అమైన్ అని మన కాలేజీల్లో అందరం అంటాం, తప్పని ఎవరూ కొట్టరు. కానీ ఇంగ్లీషువాళ్ళు దాన్ని 'అమీన్' అంటారు. అమైడ్‌ని మాత్రం 'అమైడ్' అనే అంటారు. అమీన్, అమైడ్ అని పలికితే ఫోన్లో కూడా రెండూ వేర్వేరుగా వినపడతాయి. ఆ సీసా రోజు నుంచి నేను అమీన్‌కి మారిపోయాను. మీరూ మారమని నా సలహా.

ఇంకో చోట తెలుగు లిపి మనల్ని కాపాడదు. రెండు కార్బన్ల ఆల్కహాల్ పేరు ఇథనాల్. రెండు కార్బన్ల ఆల్డిహైడ్‌కి పద్ధతి ప్రకారం పేరు పెడితే అదీ ఇథనాల్‌లాగే రాస్తాం. ఇంగ్లీషులో ఒకదాని చివర 'ఓ, ఎల్', ఇంకోదాని చివర 'ఏ, ఎల్'. పలికేటప్పుడు మొదటిదానికి నోరు గుండ్రంగా పెట్టి 'నాల్'కీ 'నోల్'కీ మధ్యలో అనాలి, రెండోదానికి 'న్యాల్' అనాలి. నిజం చెప్పాలంటే ల్యాబుల్లో ఈ గొడవ పడలేక రెండోదాన్ని పాత పేరుతో అసిటాల్డిహైడ్ అనే పిలుస్తారు. మీరూ అలాగే పిలవండి, ప్రాణం సుఖం.

తోక ముందున్నది వెన్నెముక

తోకకు ఆనుకుని ఉన్న ముక్క కార్బన్ల లెక్క చెబుతుంది. మిథ్ ఒకటి, ఇథ్ రెండు, ప్రొప్ మూడు, బ్యూట్ నాలుగు. అక్కడి నుంచి పెంట్, హెక్స్, హెప్ట్, ఆక్ట్, నాన్, డెక్ అని గ్రీకు, లాటిన్ అంకెలు వరసగా వస్తాయి కాబట్టి గుర్తుంటాయి. మొదటి నాలుగే అంకెల్లా వినపడవు. ఎందుకంటే అంకెల పద్ధతి రాకముందే వాటికి ఇంటిపేర్లు స్థిరపడిపోయాయి. 1892లో జెనీవాలో రసాయన శాస్త్రజ్ఞులు కూర్చుని సేంద్రియ పదార్థాల పేర్లకు ఒక క్రమం పెట్టారు. 1919లో ఐయుపాక్ అనే అంతర్జాతీయ సంఘం ఏర్పడి ఆ పని కొనసాగించింది. వాళ్ళు కూడా ఈ పాత ముద్దుపేర్లను తీసేయలేదు.

ఆ ముద్దుపేర్ల కథలు తెలిస్తే మర్చిపోలేం. బ్యూట్ వచ్చింది వెన్నకు లాటిన్ మాట నుంచి. వెన్న మక్కిపోతే వచ్చే వాసన బ్యుటైరిక్ యాసిడ్‌ది, దానిలో కార్బన్లు నాలుగు. అందుకే దాన్ని 'బట్' అనకుండా 'బ్యూట్' అని సాగదీయాలి. మన వంటింటి గ్యాస్ సిలిండర్లో ఉండేవి ప్రొపేన్, బ్యూటేన్. అలాగే చీమను లాటిన్లో ఫార్మికా అంటారు, చీమల నుంచి తీసిన ఆమ్లం ఫార్మిక్ యాసిడ్, కార్బన్ ఒకటే. వెనిగర్‌ని అసీటమ్ అంటారు, దాంట్లోది అసిటిక్ యాసిడ్, కార్బన్లు రెండు. కాబట్టి పాత పేర్లలో 'ఫార్మ్' కనపడితే ఒకటి, 'అసిట్' కనపడితే రెండు అనుకోండి. అసిటోన్ మాత్రం ఈ లెక్కకు లొంగదు, దానికి మూడు. ఏ ఊళ్ళో అయినా ఇలాంటివాడు ఒకడుంటాడు.

తగిలించిన ముక్కలు, వాటి చిరునామాలు

వెన్నెముకకు ముందు వచ్చేవన్నీ అతిథులు. చివర 'ఐల్' ఉంటే కార్బన్ ముక్క ఒకటి వచ్చి అతుక్కుందని: మిథైల్, ఇథైల్, ఫినైల్. చివర 'ఓ' ఉంటే ఇంకో రకం అతిథి: క్లోరో, బ్రోమో, నైట్రో, అమైనో. 'ఆక్సి' ఉంటే మధ్యలో ఆక్సిజన్ వంతెన ఉందని: మిథాక్సి, ఇథాక్సి. హైడ్రాక్సి అంటే ఓహెచ్. 'థయ', 'థయో' అంటే గంధకం. 'అజ' అంటే నైట్రోజన్. నైట్రోజన్‌ని ఫ్రెంచివాళ్ళు అజోట్ అంటారు, ఆ మాటే ముక్కలై పేర్లలో మిగిలింది.

ఫినైల్ గురించి ఒక్క మాట. ఇల్లు తుడిచే ఫినాయిల్ డబ్బా మీద కూడా ఇంగ్లీషులో దాదాపు ఇదే స్పెల్లింగు ఉంటుంది. ఆ డబ్బాలోది రకరకాల పదార్థాల మిశ్రమం. రసాయన పేర్లలో ఫినైల్ అంటే బెంజీన్ వలయం అతిథిగా వచ్చి కూర్చోవడం, అంతే. అంకెలు ఈ అతిథుల ఇంటి నంబర్లు. నంబరుకు బదులు 'ఎన్' అని అక్షరం ఉంటే నైట్రోజన్ మీద కూర్చున్నాడని.

ఇప్పుడు అందరి ఇంట్లోనూ ఉండే బిళ్ళ తీసుకుందాం, పారసిటమాల్. దీని పద్ధతైన పేరు ఎన్-(4-హైడ్రాక్సిఫినైల్)అసిటమైడ్. తోక అమైడ్. వెన్నెముక అసిట్, అంటే రెండు కార్బన్లు. బ్రాకెట్లో ఉన్నది ఒక చిన్న సమాసం: ఫినైల్, దాని నాలుగో స్థానంలో హైడ్రాక్సి. ఆ మొత్తం ముద్ద నైట్రోజన్‌కి అతుక్కుంది. విగ్రహవాక్యం చెప్పండి: 'నాలుగో స్థానంలో హైడ్రాక్సి ఉన్న ఫినైల్‌ని నైట్రోజన్ మీద తగిలించుకున్న అసిటమైడ్.' చూశారా, తెలుగులో వాక్యం కూడా తోకతోనే ముగిసింది. విశేషణాలన్నీ ముందు వచ్చి అసలు పేరు చివర నిలబడింది. ఇంగ్లీషులో ఇదే వివరించాలంటే వాళ్ళు అసిటమైడ్‌తో మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాలి. ఈ ఒక్క విషయంలో మన భాష మనకు కలిసొచ్చింది.

అదే మందుకు పాత పద్ధతిలో ఇంకో పేరుంది: పారా-అసిటైల్‌అమైనోఫినాల్. ఇక్కడ వలయాన్ని వెన్నెముక చేసి, ఆల్‌ని తోక చేశారు. అందులోంచి 'పార', 'అసిట్', 'అమ్', 'ఆల్' ఏరుకుంటే మన పారసిటమాల్ వచ్చింది. అదే పేరులోంచి అమెరికావాళ్ళు 'అసిట్', 'అమినో', 'ఫెన్' ఏరుకుని అసిటమినోఫెన్ అన్నారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్ళిన అమ్మానాన్నలు అక్కడి మందుల షాపులో పారసిటమాల్ దొరకలేదని కంగారు పడుతుంటారు. ఉన్నది అదే మందు. ఒకే చీరలోంచి రెండు జాకెట్టు ముక్కలు కత్తిరించారు, అంతే తేడా.

'డై' ఎవరిది?

డై, ట్రై, టెట్రా అనేవి లెక్కలు: రెండు, మూడు, నాలుగు. అవి తమ వెంటనే వచ్చే ముక్కకే చెందుతాయి. ట్రైమిథైల్‌పెంటేన్‌లో మూడు ఉన్నవి మిథైల్‌లు, పెంటేన్ ఒకటే. ఇది తెలిస్తే గొంతు ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. 'ట్రైమిథైల్' కలిపి, ఆగి, 'పెంటేన్'. 'ట్రై' అని ఆగి 'మిథైల్‌పెంటేన్' అంటే అర్థం మారిపోయినట్టు వినపడుతుంది.

లెక్కపెట్టాల్సిన అతిథే ఒక సమాసమైతే డైకి బదులు బిస్, ట్రైకి బదులు ట్రిస్ వాడతారు. సమాసం కాకపోయినా అనుమానం వచ్చే చోటా అంతే. 'ట్రైడెకైల్' అంటే పదమూడు కార్బన్ల ముక్క ఒకటా, పది కార్బన్ల ముక్కలు మూడా అని అనుమానం వస్తుంది. ట్రిస్(డెకైల్) అంటే మూడేనని ఖాయం.

దీనికి మంచి ఉదాహరణ మన ఊళ్ళలో దోమలకు గోడల మీద కొట్టిన డీడీటీ. 1874లోనే తయారైనా, పురుగుల్ని చంపుతుందని 1939లో పాల్ ముల్లర్ కనిపెట్టాడు, 1948లో ఆయనకు నోబెల్ వచ్చింది. డీడీటీ అంటే డైక్లోరో-డైఫినైల్-ట్రైక్లోరోఈథేన్. మూడు ముక్కల మొదటి అక్షరాలే డి, డి, టి. చెవికి బాగుంది కానీ ఏ క్లోరిన్ ఎక్కడుందో ఆ పేరు చెప్పదు. పద్ధతైన పేరు 1,1,1-ట్రైక్లోరో-2,2-బిస్(4-క్లోరోఫినైల్)ఈథేన్. తోక నుంచి చదవండి: ఈథేన్, రెండో కార్బన్ మీద క్లోరోఫినైల్ ముద్దలు రెండు, మొదటి కార్బన్ మీద క్లోరిన్లు మూడు. పేరు చూసి బొమ్మ గీయొచ్చు. పొడుగు పెరిగింది కానీ అనుమానం పోయింది.

పొడుగు చూసి భయపడకూడదనడానికి పరాకాష్ఠ టైటిన్ అనే ప్రోటీన్. దాని పూర్తి రసాయన పేరు రాస్తే లక్షా ఎనభై వేలకు పైగా అక్షరాలని చెబుతారు. మెథియోనైల్‌తో మొదలై ఐసోల్యూసీన్‌తో ముగుస్తుంది. మధ్యలో ఉన్నదంతా ఇరవై రకాల అమైనో ఆమ్లాలు 'ఐల్' తగిలించుకుని క్యూ కట్టడమే. దాన్ని ఎవరూ పలకమనరు లెండి.

సంధి చూసుకోండి

సమాసం ఉన్నచోట సంధి ఉంటుంది. రాముడు, ఇతడు కలిస్తే రాముడితడు అయినట్టు, ప్రొపేన్ చివరి 'ఇ' అక్షరం అచ్చు ముందు లోపిస్తుంది: ప్రొపేన్, ఆల్ కలిసి ప్రొపనాల్. హల్లు ముందు లోపించదు: రెండు ఓహెచ్‌లు ఉంటే ప్రొపేన్‌డయాల్ అని స్పెల్లింగులో 'ఇ' అలాగే నిలబడుతుంది. టెట్రా, ఆక్సైడ్ కలిస్తే టెట్రాక్సైడ్. పెంటా, ఆక్సైడ్ కలిస్తే పెంటాక్సైడ్. మోనో, ఆక్సైడ్ కలిస్తే మోనాక్సైడ్. డైఆక్సైడ్‌లో మాత్రం లోపం లేదు, 'డయాక్సైడ్' అని యడాగమం వచ్చినట్టు వినపడుతుంది. గీతలు పెట్టేటప్పుడు ముక్క అసంపూర్ణంగా కనపడితే, సంధిలో ఏదో అచ్చు పోయిందని గుర్తుపట్టి దాన్ని తిరిగి పెట్టుకోండి.

ఇప్పుడు పలకండి, అదీ వెనక నుంచే

పలకడానికి నేను వాడే పద్ధతి చివరి ముక్క నుంచి మొదలుపెట్టి ముందు ముక్కలు ఒక్కొక్కటే చేర్చుకుంటూ రావడం. ఉదాహరణకు డైఇథైల్‌కార్బమజీన్. బోదకాలు రాకుండా మన రెండు రాష్ట్రాల్లోనూ ఆల్బెండజోల్‌తో పాటు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్ర ఇదే. 1940లలో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో ఈ మందును తీసుకొచ్చిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మందు పేరు మనం తడబడకుండా పలకలేకపోతే ఎలా?

'జీన్.' మూడుసార్లు. 'మజీన్.' ఇప్పుడు 'బ్యామజీన్', ఇక్కడ 'బ్యా' మీద గట్టిగా నొక్కండి. 'కార్బ్యామజీన్.' ఇది నోట్లో పడేదాకా ముందుకు కదలకండి. తర్వాత 'ఇథైల్, కార్బ్యామజీన్'. చివరికి 'డైఇథైల్, కార్బ్యామజీన్'. ఎడమ నుంచి చదివితే తెలిసినదాంట్లోంచి తెలియనిదాంట్లోకి వెళ్తాం, అందుకే చివర తడబడతాం. వెనక నుంచి కట్టుకొస్తే కష్టమైన చివరి భాగమే ఎక్కువసార్లు పలికి ఉంటాం కాబట్టి పేరు ముందుకు పోయేకొద్దీ తేలికవుతుంది.

నొక్కు గురించి చెప్పాలి. మనం తెలుగులో అక్షరాలన్నిటినీ దాదాపు సమానంగా పలుకుతాం. ఇంగ్లీషులో ఒక్క చోట నొక్కి మిగతావి వదులుతారు. పారసిటమాల్‌లో నొక్కు 'సీ' మీద: పారసీటమాల్. అసిటమినోఫెన్‌లో 'మి' మీద. పెద్ద పేర్లకు నాకు పనికొచ్చిన సూత్రం: ప్రతి ముక్కకీ దాని చిన్న నొక్కు ఉంచండి, అన్నిటికన్నా పెద్ద నొక్కు చివరి పెద్ద ముక్కకి ఇవ్వండి. ముక్కల మధ్య ఊపిరి తీసుకోవచ్చు. ముక్క మధ్యలో మాత్రం తీసుకోకూడదు.

యాస గురించి బెంగ వద్దు. మిథైల్‌ని బ్రిటిష్‌వాళ్ళు మీథైల్ అంటారు, అమెరికన్లు మెథిల్ అంటారు. ఇథైల్ సంగతీ అంతే, ఈథైల్, ఎథిల్. మన పుస్తకాల్లో మిథైల్, ఇథైల్. ఏదైనా ఒకటి పట్టుకుని అన్నిచోట్లా అదే అనండి. అమెరికన్ క్లయింటుతో మీటింగ్‌లో ఒక వాక్యంలో మెథిల్, తర్వాతి వాక్యంలో మీథైల్ అంటేనే అవతలివాళ్ళు తికమక పడతారు.

స్పెల్లింగులో గోతులు

కొన్ని చోట్ల అక్షరాలు మోసం చేస్తాయి. 'సి' అక్షరం తర్వాత ఇ, ఐ, వై ఉంటే 'స' అనాలి: గ్లిసరాల్, సైక్లో. మిగతా చోట్ల 'క': గ్లైకాల్. 'సి, హెచ్' కలిస్తే ఈ పేర్లలో సాధారణంగా 'క': క్లోరో, కొలెస్టరాల్. మొదటి అక్షరం 'ఎక్స్' అయితే 'జ': జైలీన్, జాంథీన్.

'పి, హెచ్, టి, హెచ్' నాలుగూ వరసగా వస్తే చాలామంది కళ్ళు మూసుకుని దూకేస్తారు. పేరు మొదట్లో ఉంటే 'పి, హెచ్' పలకదు: థాలేట్. మధ్యలో ఉంటే రెండూ పలుకుతాయి: బీరువాలో వేసే గోలీలు న్యాఫ్తలీన్. టైట్రేషన్‌లో గులాబీ రంగు వచ్చే ద్రావణం ఫినాల్‌ఫ్తలీన్, దీన్ని 'ఫినాల్', 'ఫ్తలీన్' అని రెండుగా విరిచి అంటే ఎవరికైనా వస్తుంది.

ఇంకో గోయి తోక దగ్గరే ఉంది. 'ఓ, ఎల్'తో ముగిస్తే ఆల్కహాల్ అన్నాను. దాని వెనక ఇంకో 'ఇ' ఉంటే కథ మారిపోతుంది. అప్పుడది 'ఓల్', అయిదు పరమాణువుల వలయం అన్నమాట: ఇమిడజోల్, థయజోల్. గ్యాస్ ట్రబుల్‌కి వేసుకునే ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ చివర ఉన్నది ఈ ఓలే. వాటిలో ఆల్కహాల్ వెతక్కండి.

మందుల పేర్లకు వేరే లెక్క

స్ట్రిప్ మీద ఉండే మందు పేరు పూర్తి రసాయన పేరు కాదు. 1950లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తీర్మానంతో మొదలైన పద్ధతిలో ఒకే రకంగా పనిచేసే మందులకు ఒకే తోక ఇస్తున్నారు. అటెనొలాల్, మెటోప్రొలాల్ చివర 'ఒలాల్'. టెల్మిసార్టన్, లోసార్టన్ చివర 'సార్టన్'. అటోర్వాస్టాటిన్ చివర 'వాస్టాటిన్'. సిటాగ్లిప్టిన్, విల్డాగ్లిప్టిన్ చివర 'గ్లిప్టిన్'. ఇక్కడా తోకే కులం చెబుతుంది, కానీ అది రసాయన కులం కాదు, పని కులం.

తోక మింగేస్తే ఎంత ప్రమాదమో చూపడానికి ఫార్మసీ విద్యార్థులకు ఒక జంట చెబుతారు: క్లోర్‌ప్రొపమైడ్, క్లోర్‌ప్రొమజీన్. మొదటిది షుగర్‌కి ఇచ్చే పాతకాలపు మందు. రెండోది మానసిక వ్యాధులకు ఇచ్చేది. 'క్లోర్‌ప్రొ' దాకా రెండూ కవలలు. గీత పెడితే ఒకదాని తోక అమైడ్, ఇంకోదానిది అజీన్. మందుల షాపులో పనిచేసేవాళ్ళు ఫోన్లో ఇలాంటి పేరు వింటే తోకను అక్షరాలుగా చెప్పించుకోండి, 'ఢిల్లీ డి', 'నాగపూర్ ఎన్' అనైనా సరే. దేనికిస్తున్నారో కూడా అడగండి. అప్పటికీ అనుమానముంటే చీటీ రాసిన డాక్టర్నే అడగాలి, ఊహించి ఇవ్వకూడదు.

ఇంట్లోనే సాధన

షాంపూ సీసా వెనక చదవండి. కోకమిడోప్రొపైల్ బీటెయిన్ అని చాలా సీసాల మీద ఉంటుంది. కోక్ అంటే కొబ్బరి, అమిడో అంటే అమైడ్ ముక్క, ప్రొపైల్ మూడు కార్బన్లు. బీటెయిన్ పేరు బీట్ దుంప నుంచి వచ్చింది. దాన్ని 'బీటైన్' అనకుండా 'బీట-ఈన్' అని విరవాలి. ఇంత పెద్ద పేరులో మొదటి ముక్క మన కోనసీమ కొబ్బరికాయ అని తెలిశాక నాకు షాంపూ సీసాలంటే భయం పోయింది.

అక్కడే ఇంకో పేరుంటుంది, సీసాలో బూజు పట్టకుండా వేసేది: మిథైల్‌క్లోరోఐసోథయజోలినోన్. చాలాసార్లు దాని పక్కనే మిథైల్‌ఐసోథయజోలినోన్ కూడా ఉంటుంది. కిందికి చదవకుండా రెండింటికీ తేడా ఏమిటో, తోక ఏదో మీరే గీతలు పెట్టి చూడండి.

పెట్టారా? మిథైల్ / క్లోరో / ఐసో / థయ / జోల్ / ఇన్ / ఓన్. తోక ఓన్, అంటే కార్బన్‌కి ద్విబంధంతో ఆక్సిజన్ ఉంది. 'జోల్'లో 'అజ' నైట్రోజన్, 'ఓల్' అయిదు పరమాణువుల వలయం, సంధిలో కలిసిపోయాయి. థయ గంధకం. రెండింటికీ తేడా ఒక్క క్లోరో. ఇక వెనక నుంచి: నోన్, లినోన్, జోలినోన్, థయజోలినోన్, ఐసోథయజోలినోన్. స్నానాల గదిలో ఎలాగూ గొంతు బాగా పలుకుతుంది, క్లోరో, మిథైల్ అక్కడే చేర్చుకోండి.